బల్ల మీద బుల్లి గని!

మందమర్రిలో మైనింగ్ అంటే బొగ్గే. క్యాప్‌ల్యాంపుతో గనిలోకి దిగి షిఫ్టు చేస్తే జీతం ఖాయం. అదే పేరుతో ఇంట్లో చేసే పని మరొకటుంది... బిట్‌కాయిన్ మైనింగ్! ఇక్కడ తవ్వకమంటే కంప్యూటర్ లెక్కలు కట్టడమే. దాదాపు పది నిమిషాలకోసారి, ప్రపంచంలో ముందుగా లెక్క కుదిరినవారికే బహుమతి. 2009లో మామూలు కంప్యూటర్‌తోనే 50 బిట్‌కాయిన్లు దక్కేవి. 2024 ఏప్రిల్‌లో ఆ బహుమతి 3.125కు తగ్గింది.

సరదారాయుళ్లు వాడే ‘బిట్‌యాక్స్’ అరచేతిలో ఇమిడిపోతుంది. సుమారు 15 వాట్లు... అంటే నెలకు 11 యూనిట్ల కరెంటు చాలు. కానీ పోటీ గోదాముల నిండా ఉన్న యంత్రాలతో! సగటున వేల ఏళ్లకోసారి అదృష్టం తలుపు తట్టొచ్చు. తట్టినా, అమ్మితే వచ్చే లాభంపై మనదేశంలో 2022 నుంచి 30 శాతం పన్ను.

జైపూర్‌లో సింగరేణి బొగ్గే కరెంటవుతుంది. ఆ కరెంటుతో బుల్లి గనిని నడిపి కొత్త విద్య నేర్చుకోవచ్చు. ఇల్లు గడవాలంటే మాత్రం... పాత గనే దిక్కు!