పిల్లలకు కడుపునొప్పి, వాంతులు: ఏది ఇంట్లో తగ్గుతుంది, ఏది ఆగదు?

జంషెడ్‌పూర్‌లో టాటానగర్ స్టేషన్‌కు దగ్గర్లోని బాగ్‌బేరాలో తాగునీటి కష్టం పాతదే. అలాంటి చోట పిల్లలకు కడుపునొప్పితో వాంతులు, విరేచనాలు మొదలైతే కారణం చాలాసార్లు వైరస్ లేదా కలుషిత నీరు. అసలు ప్రమాదం ఒంట్లో నీరు, లవణాలు తగ్గిపోవడం.

ప్యాకెట్‌పై రాసినన్ని కాచి చల్లార్చిన నీళ్లలో ఓఆర్‌ఎస్ పొడి మొత్తం కలపాలి. వాంతయితే పది నిమిషాలు ఆగి, మళ్లీ చెంచాతో కొద్దికొద్దిగా పట్టాలి. ఓఆర్‌ఎస్ పేరుతో అమ్మిన తీపి పానీయాలు వేరు. వాటిలోని అధిక చక్కెర విరేచనాలను పెంచుతుంది. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక గానీ, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములాకు సరిపోని పానీయాలపై ఆ పేరును ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2025 అక్టోబరులో నిషేధించలేదు.

అయితే విరేచనాలు లేకుండా వాంతులు, నొప్పి మాత్రమే ఉంటే అనుమానించాల్సిందే. బొడ్డు దగ్గర మొదలై కుడివైపు కిందికి దిగే నొప్పి అపెండిసైటిస్ కావచ్చు. ఆకుపచ్చ వాంతి పేగు మూసుకుపోయిందనడానికి సంకేతం కావచ్చు. మలంలో రక్తం, ఆరేడు గంటలుగా మూత్రం రాకపోవడం, కళ్లు గుంటలు పడటం, మగత... వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా, ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.