విద్యుత్తుతో నడచు చిన్న పందెపు పడవ

విశాఖపట్టణమున పుట్టి పెరిగిన బాలబాలికలకు ఓడలు క్రొత్తవి కావు. డాల్ఫిన్ నోస్ కొండ ప్రక్కనుండి రేవులోనికి వచ్చు ఓడలను, వేకువజామున చేపలరేవు విడిచి సముద్రముమీదికి పోవు పడవలను వారు దినదినమును చూచుచునే యుందురు. 1948వ సంవత్సరము మార్చి 14వ తేదీన పండిత జవహర్‌లాల్ నెహ్రూగారు ‘జల ఉష’ యను ఓడను నీటిలోనికి విడిచినది ఈ పట్టణపు ఓడల కర్మాగారమునుండియే. అయినను పడవ ఏల పరుగెత్తును, ఏల ఒరుగును, ఒకే మోటారుగల రెండు పడవలలో ఒకటి ముందును మఱియొకటి వెనుకను ఏల పోవును అని అడిగిన, ఉత్తరము చెప్పగలవారు మనలో కొలదిమందియే. ఈ విషయములను చేతితో నేర్చుకొనుటకు రెండడుగుల పొడవుగల పడవ నొకదానిని కట్టి, విద్యుత్తుతో నడిపి, రేడియోతో దూరమునుండి త్రిప్పుటకంటె మంచి సాధనము లేదని నా అభిప్రాయము. దానిని కట్టు విధమును, వేగమునకు సరిదిద్దు విధమును ఈ వ్యాసమందు వివరించెదను.

ఇది నిన్న మొన్న పుట్టిన విద్య కాదు. 1898లో నికోలా టెస్లా యను శాస్త్రజ్ఞుడు న్యూయార్కు నగరమున జరిగిన విద్యుత్ప్రదర్శనమందు, తీగ యేదియు తగిలింపక రేడియో తరంగములతోనే ఒక చిన్న పడవను నడిపి చూపెను. అంతకు పూర్వమే, 1870వ సంవత్సరమునకు తరువాతి కాలమున, ఇంగ్లండు దేశమందు విలియం ఫ్రూడ్ యను ఇంజనీరు పొడవైన నీటితొట్టిని కట్టించి, మైనపు నమూనాలను అందు లాగించి, చిన్న నమూనా నడకనుబట్టి పెద్ద ఓడ నడకను లెక్కకట్టవచ్చునని నిరూపించెను. 1969లో మన పట్టణమున స్థాపింపబడిన నౌకా విజ్ఞాన సాంకేతిక ప్రయోగశాలయందు అట్టి తొట్టి 500 మీటర్ల పొడవుగలది కలదు. కావున చిన్న పడవను శ్రద్ధతో పరీక్షించు బాలుడు పెద్దలు చేయు పనినే చేయుచున్నాడని తల్లిదండ్రులు గ్రహింతురు గాక.

పడవ అడుగు :— పడవ నీటిని త్రోసికొని పోవునప్పుడు ముందొక అలయు వెనుక నొక అలయు లేచును. వేగము హెచ్చినకొలది ఆ అలల నడిమి దూరము పెరుగును. అది పడవ పొడవుతో సమానమైనప్పుడు పడవ తాను లేపిన అలల పల్లమునందే చిక్కుకొనును. పడవ పొడవును మీటర్లలో కొలిచి, దాని వర్గమూలమును 1¼తో గుణించిన, ఆ హద్దు సెకనుకు ఇన్ని మీటర్లని తేలును. 60 సెంటీమీటర్ల పడవకు అది సుమారు 1 మీటరు, అనగా గంటకు 3½ కిలోమీటర్లు. మనుష్యుడు మెల్లగ నడచు వేగ మింతియే!

ఈ హద్దును దాటవలెనన్న పడవ నీటిపైకి ఎక్కవలెను. చెఱువుపై అడ్డముగ విసరిన బల్లపరుపు పెంకు మునుగక ఎగిరెగిరి పోవుట మీరందఱు ఎఱిగినదే. పందెపు పడవ పరుగును అట్టిదే. వేగమున నీరు అడుగుభాగమును పైకెత్తగా, వెనుకటి కొంతభాగము మాత్రమే నీటిని తాకుచుండును. కావున పడవ అడుగు ముందు నిలువుగ కోసినట్లును, వెనుకకు పోయినకొలది వెడల్పయిన వి అక్షరపు ఆకారమున నుండునట్లును చేయవలెను. వెనుక సగమున పొడవునా ఇనుప స్కేలు నిలిపి చూచినపుడు గుంటగాని ఉబ్బుగాని కనబడరాదు. గుంట యున్న పడవ ముక్కు నీటిలో దూర్చును. ఉబ్బు యున్న పడవ ముక్కు ఎత్తుచు దించుచు గంతులు వేయును. వెనుక అంచు కత్తివలె వాడిగ నుండవలెను. గుండ్రని అంచును నీరు అంటుకొని వెనుకకు లాగును.

రెండు మిల్లీమీటర్ల ప్లైవుడ్డు ఇందుకు చాలును. ముక్కుదగ్గఱ నింపు దిమ్మను కొండపల్లి బొమ్మలకు వాడు పొణికివంటి తేలిక కఱ్ఱతో చెక్కవచ్చును. అతుకులకు ఎపాక్సీ జిగురు పూసి, బయట పలుచని గాజుగుడ్డను అదే జిగురుతో అంటింపవలెను. లోపల ముందుభాగమున థర్మాకోలు ముక్కలు నింపుట మఱువరాదు. ఒక లీటరు నీటిని తొలగించిన వస్తువు ఒక కిలో బరువును తేల్చును గనుక, ఒకటిన్నర కిలోల పడవకు ఒకటిన్నర లీటర్ల థర్మాకోలు ఉన్నయెడల, బోర్లపడినను పడవ అడుగంటదు. పాలియెస్టరు జిగురు థర్మాకోలును కరగించును గాన దానిని దగ్గఱకు రానీయరాదు.

మోటారును ప్రొపెల్లరును :— మోటారుపై 2,000 కేవీ అని యున్న, భారము లేనపుడు ఒక్కొక్క వోల్టునకు నిమిషమునకు 2,000 చుట్లు తిరుగునని అర్థము. మూడు గదుల లిథియం బ్యాటరీ యొక్క వోల్టేజి 11.1 గనుక, చుట్లు 22,200 అగును. ప్రొపెల్లరు వ్యాసము 40 మిల్లీమీటర్లును, మరమేకు కఱ్ఱలోనికి పోవునట్లు అది ఒక్క చుట్టున నీటిలో పోవలసిన దూరము 56 మిల్లీమీటర్లును అనుకొందము. ఈ రెండు సంఖ్యలను గుణించిన గంటకు సుమారు 75 కిలోమీటర్లు తేలును. అయితే భారము పడినప్పుడు చుట్లు తగ్గును; నీరు మెత్తనిది గనుక ప్రొపెల్లరు కొంత జారును. ఒక్కొక్కదానికి అయిదవ వంతు తీసివేసిన 48 కిలోమీటర్లు మిగులును. పొందికగ కట్టిన పడవ ఇంచుమించుగ ఈ వేగమును అందుకొనును.

ఇక్కడనే పిల్లలు తొందరపడుదురు. వేగము చాలదని తోచగానే పెద్ద ప్రొపెల్లరు తగిలింతురు. చుట్లు సమానముగ నున్నయెడల, ప్రొపెల్లరు కోరు శక్తి దాని వ్యాసముయొక్క అయిదవ ఘాతమునుబట్టి పెరుగును. 40 మిల్లీమీటర్లకు బదులు 44 పెట్టిన, పెరిగినది పదవ వంతే. కోరు శక్తి మాత్రము 1.6 రెట్లు. ఆ శక్తిని మోటారు ఈయలేదు, ఈయబోయి కాలును. ఒక నిమిషము నడిపి ఒడ్డునకు తెచ్చి, ముందుగ బ్యాటరీ తీగను ఊడదీసి, పిమ్మట మోటారును బ్యాటరీని తాకి చూడవలెను. అయిదు సెకనులు చేయి ఉంచలేనంత వేడిగ నున్న, ప్రొపెల్లరు పెద్దదని తెలిసికొనవలెను. చుక్కానినుండి గొట్టముద్వారా మోటారును చల్లార్చు నీరు పడవ ప్రక్కనుండి ధారగ వెలుపలికి వచ్చుచున్నదో లేదో ప్రతిమాఱు గమనింపవలెను.

మోటారు శక్తిని ప్రొపెల్లరునకు చేర్చు వంగెడి తీగ ఇరుసునకు తప్పక గ్రీజు పూయవలెను. భారము పడినప్పుడు అది మెలిపడి కొంచెము పొట్టి యగును. కనుక దాని వెనుకటి బిళ్లకును బేరింగునకును నడుమ రెండు మూడు మిల్లీమీటర్ల ఎడము విడువవలెను.

బ్యాటరీ జాగ్రత్త :— ఈ యంశమును తల్లిదండ్రులు శ్రద్ధతో చదువ ప్రార్థన. లిథియం బ్యాటరీ చిన్నదైనను దాని మంట చిన్నది కాదు. ఒక్కొక్క గదిని 4.2 వోల్టులకు మించి నింపరాదు, నడుపునపుడు 3.3కు దిగువకు పోనీయరాదు. మూడు గదులను సమముగ నింపు చార్జరుతోనే, రాతినేలమీద ఇసుక పోసిన మట్టిపాత్రలో నుంచి, పెద్దవారు ఎదుట నుండగా నింపవలెను. రాత్రి చార్జింగు పెట్టి నిద్రించుట ఇల్లు కాల్చుకొనుటకు సిద్ధపడుటయే. ఉబ్బిన బ్యాటరీని ఎన్నడును వాడరాదు. 5 ఆంపియరు గంటల బ్యాటరీనుండి సగటున 50 ఆంపియర్లు లాగిన, ఆఱు నిమిషములలో అది ఖాళీయగును; అయిదవ వంతు మిగుల్చుకొనవలెను గనుక, నాలుగున్నర నిమిషములకే పడవను ఒడ్డునకు త్రిప్పవలెను.

సరిదిద్దుట :— పడవ కట్టుట సగము పని. సరిదిద్దుట తక్కిన సగము. మొదట పడవను రెండు వ్రేళ్లమీద నిలిపి, బరువు మధ్యబిందువు ఎచ్చట నున్నదో కనుగొనవలెను. 60 సెంటీమీటర్ల పడవకు అది వెనుక అంచునుండి 18 మొదలు 20 సెంటీమీటర్ల దూరమున నుండుట మంచిది. ప్రొపెల్లరు ఇరుసు పడవ అడుగుగీతకు సమాంతరముగను, ఆ గీత ఎత్తుననే ఉండునట్లును బిగింపవలెను. అపుడు పరుగులో ప్రొపెల్లరు సగము నీటిలోను, సగము గాలిలోను తిరుగును. ఇది ఆరంభస్థితి. ఇక పడవయే తన లోపమును చెప్పును.

ముక్కు ఎత్తుచు దించుచు గంతులు వేసిన, బ్యాటరీని అయిదు మిల్లీమీటర్లు ముందుకు జరుపవలెను. ముక్కు నీటిలో దూర్చి మందముగ పోయిన, అంతే దూరము వెనుకకు జరుపవలెను. అదియు చాలకున్న ప్రొపెల్లరును ఒక మిల్లీమీటరు పైకెత్తవలెను. అప్పుడు తోక కొంత దిగి ముక్కు తేలిక యగును. ఒక ప్రక్కకు ఒరిగిన, దానికి కారణము ప్రొపెల్లరు తిరుగుడుకు ఎదురుదెబ్బ. వెనుకనుండి చూచునపుడు ప్రొపెల్లరు ఎడమకు తిరిగిన, పడవ కుడికి ఒరుగును. బ్యాటరీని కొలదిగ ఎడమకు జరిపిన సరిపోవును.

ఇందు ముఖ్యసూత్ర మొక్కటి కలదు. ఒక్కమాఱు ఒక్కదానినే మార్పవలెను. మార్చినదానిని, దాని ఫలితమును నోటుపుస్తకమున వ్రాయవలెను. బ్యాటరీని జరిపి, ప్రొపెల్లరును మార్చి, ఇరుసును వంచి, పిమ్మట పడవ బాగుగ పోయిన, ఏది మేలు చేసెనో ఎవరు చెప్పగలరు? 50 మీటర్ల దూరమున రెండు గుర్తులు పెట్టి, ఆ దూరమును ఎన్ని సెకనులలో దాటెనో కొలువవలెను. నాలుగు సెకనులైన గంటకు 45 కిలోమీటర్లు. గాలికి ఎదురుగను, గాలితోడను రెండుమాఱులు నడిపి సగటు కట్టవలెను. కంటికి వేగముగ కనబడినదెల్ల వేగము కాదు. నీరు ఎక్కువగ చిమ్మెడి పడవ తఱచు నెమ్మదిదే.

నీటియొద్ద మర్యాదలు :— ఓడలు నడచు రేవు కాలువయందుగాని, బీచియొద్ద కెరటములలోగాని ఈ పడవలు నడుపదగవు. అనుమతి పొందిన నిశ్చలమైన కొలనే తగిన చోటు. అచ్చటను ఈతగాండ్రుగాని పశువులుగాని ఉండరాదు. నిమిషమునకు ఇరువదివేల చుట్లు తిరుగు ప్రొపెల్లరు కత్తియే; బ్యాటరీ తగిలించిన పిమ్మట దాని దగ్గఱకు వ్రేళ్లు పోనీయరాదు. చేతిలోని ట్రాన్సుమీటరును ముందు వెలిగించి, పడవను తరువాత వెలిగింపవలెను. ఆర్పునపుడు పడవను ముందు ఆర్పవలెను. రేడియో తరంగములు నీటిలో దూరము పోలేవు గనుక, పడవలోని యాంటెన్నా కొనను నీటిమట్టమునకు పైన నిలుపవలెను. సంకేతము తప్పినచో మోటారు తానే ఆగునట్లు అమర్చి, ఒడ్డుననే పరీక్షింపవలెను.

పడవ నడికొలనున ఆగిపోయిన, దానికై ఎవరును నీటిలో దిగరాదు. గాలపు దారమునకు టెన్నిసు బంతి కట్టి, పడవ కావలకు విసరి మెల్లగ లాగుకొనవచ్చును. లేక గాలి దానిని ఒడ్డునకు చేర్చువఱకు ఓపిక పట్టవచ్చును. వేల రూపాయల పడవయైనను ఒక బిడ్డ ప్రాణమునకు సాటిరాదు.

అపొస్తలుడైన యాకోబు తన పత్రికలో నాలుకను ఓడ చుక్కానితో పోల్చియున్నాడు. మన చిన్న పడవ చుక్కాని బొటనవ్రేలి వెడల్పైనను లేదు. అయినను గంటకు 48 కిలోమీటర్ల వేగమున పోవు పడవ దాని మాటనే వినును. బలమును కొనవచ్చును; పొందికను మాత్రము కొలిచి, వ్రాసి, ఓపికతో సంపాదింపవలసినదే. ఈ నగరమున రేపు ఓడలు కట్టబోవువారు నేడు మన బల్లలమీద కూర్చున్నవారే గనుక, వారు ఈ పాఠమును చిన్న పడవయందే నేర్చుకొందురు గాక.