ఆట మధ్యలో రూల్ మారిస్తే?

కడప యోగి వేమన యూనివర్సిటీలోనో, కర్నూలు రాయలసీమ యూనివర్సిటీలోనో అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలంటే ఏం చదివుండాలి? చిన్న ప్రశ్నే. కానీ మీరు ఏ సంవత్సరంలో అడుగుతున్నారో దాన్ని బట్టి జవాబు మారిపోతుంది.

ఒకప్పుడు పీహెచ్‌డీ ఉంటే నెట్ రాయక్కర్లేదు. 2009లో యూజీసీ దీన్ని మార్చింది. ఎంట్రన్స్, కోర్స్‌వర్క్ ఉన్న కొత్త పద్ధతిలో చేసిన పీహెచ్‌డీకే మినహాయింపు అంది. 2018 రెగ్యులేషన్స్ ఇంకో అడుగు ముందుకేసి, 2021 జులై నుంచి యూనివర్సిటీల్లో పీహెచ్‌డీ తప్పనిసరి అన్నాయి. కోవిడ్ వల్ల ఆ గడువు 2023 జులైకి జరిగింది. తీరా ఆ రోజు వచ్చేసరికి నెట్, సెట్, స్లెట్‌లలో ఏదున్నా చాలు, పీహెచ్‌డీ ఐచ్ఛికం అన్నారు. (మన బీటెక్ వాళ్లకు లెక్క వేరు. ఇంజనీరింగ్ పోస్టులకు ఏఐసీటీఈ రూల్స్ ఉంటాయి, మొదటి మెట్టు ఎంటెక్.)

ఇట్లా మార్చినప్పుడల్లా ఎవరో ఒకరు కోర్టుకు పోతారు. గెలుస్తారా? రెండు తీర్పులు చూస్తే విషయం అర్థమైపోతుంది.

మొదటిది పి. సుశీల కేసు, 2015. పాత పద్ధతిలో పీహెచ్‌డీ చేసినవాళ్లు "మేం చేరినప్పుడు ఈ రూల్ లేదు కదా" అని వాదించారు. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. డిగ్రీ ఉన్నంత మాత్రాన ఉద్యోగం మీద హక్కు వచ్చేయదు, ఇక మీద జరిగే నియామకాలకు అర్హత పెంచే అధికారం యూజీసీకి ఉంది అని చెప్పింది. తర్వాత 2016లో యూజీసీయే కొన్ని షరతులతో పాతవాళ్లకు వెసులుబాటు ఇచ్చింది. అంటే కోర్టులో దొరకనిది సవరణలో దొరికింది.

రెండోది మన రాష్ట్రం కేసే: కె. మంజుశ్రీ వర్సెస్ ఆంధ్రప్రదేశ్, 2008. అది జిల్లా జడ్జి పోస్టుల గొడవ. ఇంటర్వ్యూలు అయిపోయాక, ఇంటర్వ్యూలో కూడా కనీస మార్కులు రావాలని కొత్తగా పెట్టారు. ఆట ముగిశాక రూల్ మార్చినట్టే అని సుప్రీంకోర్టు కొట్టేసింది. 2024 నవంబర్ 7న తేజ్ ప్రకాశ్ పాఠక్ కేసులో ఐదుగురు జడ్జీల ధర్మాసనం ఇదే సూత్రాన్ని నిలబెట్టింది. అప్పటికే ఉన్న రూల్స్ గానీ, నోటిఫికేషన్ గానీ అనుమతిస్తే తప్ప మధ్యలో మార్చకూడదు. అనుమతించినా ఆ మార్పు ఇష్టమొచ్చినట్టు ఉండకూడదు.

రెండూ ఒకదానికొకటి అడ్డం కాదు. నోటిఫికేషన్‌కు ముందు రూల్ మారితే కేసు నిలబడటం కష్టం. తర్వాత మారితే గట్టి కేసు ఉన్నట్టే.

ఇంకో మెలిక ఉంది. ఉన్నత విద్య ప్రమాణాలు కేంద్ర జాబితాలో ఉన్నాయి, విద్య ఉమ్మడి జాబితాలో ఉంది. అందుకే యూజీసీ మాట ఒకటి, రాష్ట్రం జీవో ఇంకోటి అయినప్పుడు కూడా గొడవలు కోర్టు మెట్లెక్కుతాయి.

గెలిచినా టైమ్ ఎవరు తిరిగిస్తారు? పాఠక్ కేసు మొదలైన నోటిఫికేషన్ 2009 నాటిది. తుది మాట వచ్చేసరికి పదిహేనేళ్లు. నియామకాలు ఆగితే క్లాసులు ఆగవు కదా, తక్కువ జీతానికి అకడమిక్ కన్సల్టెంట్లు లాక్కొస్తుంటారు. రేపు పర్మనెంట్ అవుతామా లేదా అనేది వాళ్లకూ తెలీదు. రీసెర్చ్ గైడ్ దొరకక ఇబ్బంది పడేది సీమ పిల్లలే.

కాబట్టి టీచింగ్ వైపు పోవాలనుకునేవాళ్లు రెండు పనులు చేయండి. పీహెచ్‌డీ చేస్తున్నా నెట్ కూడా రాసి పెట్టుకోండి. నోటిఫికేషన్ పడిన రోజే పీడీఎఫ్ దాచుకోండి. రేపు కోర్టులో ముందు అడిగేది ఆ కాగితమే.