మూడు గిన్నెలు, మూడు కుర్చీలు, మూడు పడకలు

కథ అనగానే అది చెవికి విందు అని పెద్దలు తలుస్తారు. మూడు నాలుగేండ్ల పసివారి విషయంలో ఈ మాట సగమే నిజం. ఏనుగు కథ చెప్పుతూ ఉంటే బిడ్డ చేయి తొండమై ఊగుతుంది. రొట్టెల కథ చెప్పితే వ్రేళ్ళు లేని పిండిని పిసుకుతాయి. విన్నదానిని చేసి చూచిన గాని ఆ వయస్సున తృప్తి కలుగదు. శిశువుల ఈ స్వభావాన్ని గుర్తించిన విద్యావేత్తలు కథకు చేతిపనిని జతచేసినారు. ఆంగ్లభాష మాట్లాడే దేశాలలోని శిశువిద్యాలయాలలో ఇందుకు తరచుగా ఎన్నుకొనే కథ ఒకటి ఉన్నది. అది మూడు ఎలుగుబంట్ల కథ.

కథ చాల చిన్నది. అడవిలో ఒక ఇంట పెద్ద ఎలుగు, నడిమి ఎలుగు, చిన్న ఎలుగు కాపురముంటాయి. ఒకనాడు జావ కాచుకొని, అది చల్లారేలోగా షికారు వెళ్ళుతాయి. అంతలో గోల్డిలాక్స్ అనే బంగారు కురుల పిల్ల పిలువకుండానే లోపలికి వస్తుంది. పెద్ద గిన్నెలోని జావ మిక్కిలి వేడి, నడిమి గిన్నెలోనిది మిక్కిలి చల్లన, చిన్న గిన్నెలోనిది సరిగా ఉన్నది, దానిని త్రాగివేస్తుంది. కుర్చీలలోను అంతే, చిన్న కుర్చీ సరిపోతుంది గాని, కూర్చోగానే విరిగిపోతుంది. పడకలలోను అంతే, చిన్న పడకపై నిద్రపోతుంది. ఎలుగులు తిరిగివచ్చి ఒక్కొక్కటే చూచుకొని, చివరకు పడకపై ఆమెను కనుగొంటాయి. ఆమె ఉలికిపడి లేచి పారిపోతుంది.

ఈ కథను మొదట అచ్చువేసినవాడు ఆంగ్ల కవి రాబర్ట్ సౌథీ, అది 1837లో. అంతకు ఆరేండ్లు ముందే, 1831లో, ఎలినార్ మ్యూర్ అనే యువతి తన మేనల్లుని కోసం దీనిని పద్యరూపంలో వ్రాసి, బొమ్మలు వేసి, చేతివ్రాత పుస్తకంగా ఇచ్చింది. ఈ రెండింటిలోను ఇంటిలో చొరబడినది చిన్నపిల్ల కాదు, ఒక ముసలమ్మ. పందొమ్మిదవ శతాబ్ది నడుమ జోసఫ్ కండల్ అనే ప్రచురణకర్త ముసలమ్మను తీసి బాలికను ప్రవేశపెట్టినాడు. గోల్డిలాక్స్ అనే పేరు స్థిరపడినది ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో. సౌథీ కథలో ముగ్గురూ మగ ఎలుగులే. తండ్రి, తల్లి, బిడ్డ అన్న వరుస తరువాత వచ్చినది. కథ ఇన్ని చేతులు మారినా గిన్నెలు, కుర్చీలు, పడకలు మాత్రం కదలలేదు. సౌథీ కథ అచ్చయిన 1837లోనే జర్మనీలోని బ్లాంకెన్‌బర్గ్‌లో ఫ్రీడ్రిక్ ఫ్రోబెల్ పసిపిల్లల ఆటల కోసం ఒక సంస్థను నెలకొల్పినాడు. బంతి, ఘనం, స్తంభం వంటి వస్తువులను పిల్లల చేతికిచ్చి, ఆటద్వారా ఆలోచనను మేల్కొల్పుట ఆయన మార్గం. 1840లో ఆయన దానికి పెట్టిన కిండర్‌గార్టెన్ అన్న పేరు లోకమంతా వ్యాపించినది. కథయు, ఆటవస్తువును అట్లు వేరువేరుగా పుట్టి, తరువాతి కాలంలో ఒకే గదిలో కలిసికొన్నవి.

ఈ కథ చేతిపనికి ఇంతగా ఒదుగుటకు కారణం దాని నిర్మాణంలోనే ఉన్నది. పెద్ద, నడిమి, చిన్న అన్న వరుస నాలుగు మారులు వస్తుంది: ఎలుగులలో, గిన్నెలలో, కుర్చీలలో, పడకలలో. ఒక వరుసలోని పెద్దదానికి మరొక వరుసలోని పెద్దది జోడు. గణితానికి పునాది అయిన రెండు భావాలు, వరుస కట్టుట, జోడు కూర్చుట, ఇందులో పేరు చెప్పకుండానే ఇమిడి ఉన్నవి. స్విట్జర్లండు మనస్తత్వవేత్త జాఁ పియాజే, అలీనా షెమిన్స్కాతో కలిసి 1941లో ప్రకటించిన గ్రంథంలో ఈ భావాలు పిల్లలలో ఎట్లు ఎదుగుతాయో పరీక్షించినాడు. వేరువేరు ఎత్తుల బొమ్మలు పది, వేరువేరు పొడవుల కర్రలు పది ఇచ్చి, ఏ బొమ్మకు ఏ కర్ర చెందునో కూర్చమన్నాడు. నాలుగైదేండ్ల పిల్లలు పెద్దవి, చిన్నవి అని గుంపులు చేయగలిగినా, పదింటిని క్రమంగా నిలుపుటకు తడబడినారు. ఏడేండ్ల ప్రాంతంలో ఆ నేర్పు కుదురుకొన్నది. పది వస్తువులు బరువైనచోట మూడు వస్తువులు చాలును. పసివానికి మోయదగిన బరువు ఎంతో ఈ కథకు తెలిసినట్లున్నది.

ఇక కృత్యాలు. మొదటిది గిన్నెల కృత్యం. మూడు బొమ్మలు, మూడు గిన్నెలు, మూడు చెంచాలు కలగలిపి పరచి, ఎవరిది వారికి వడ్డించమంటే బిడ్డ వడ్డిస్తాడు. ఇంతవరకు తేలిక. మరునాడు ఉపాధ్యాయిని పెద్ద గిన్నెను దాచి, చిన్నదానికంటె చిన్నదైన గిన్నెను తెచ్చిపెట్టవలెను. నిన్నటి చిన్న గిన్నె నేడు నడిమిది అవుతుంది. ఇక్కడ బిడ్డ ఆగి చూస్తాడు. పెద్ద, చిన్న అన్నవి వస్తువుకు అంటుకొని ఉండే గుణాలు కావనీ, ప్రక్కనున్న దానినిబట్టి మారుతాయనీ అప్పుడు వాని చేతికి తెలుస్తుంది. ఆ నిలిచిన క్షణంలో ఉపాధ్యాయిని తొందరపడి జవాబు అందిస్తే కృత్యం వ్యర్థమైనట్లే.

రెండవది వేడి, చల్లదనాల కృత్యం. ఈ కథలో ఒక చిక్కు ఉన్నది. ఒకే జావను ఒకేసారి వడ్డిస్తే అన్నిటికంటె ముందు చల్లారవలసినది చిన్న గిన్నె. పరిమాణం తగ్గినకొద్దీ, లోనున్న పదార్థంతో పోల్చితే వేడిని విడిచే పైభాగం ఎక్కువగుటయే దీనికి కారణం. కథలో మాత్రం నడిమి గిన్నె అన్నిటికంటె చల్లగా ఉన్నది! పిల్లలకు ఈ సూత్రం చెప్పనక్కరలేదు. ఒకే ఆకారం గల మూడు గిన్నెలలో చేతికి సుఖమైన గోరువెచ్చని నీరు పోసి, కొంతసేపటికొకసారి వ్రేలు ముంచి చూడమంటే చాలును. చిన్న గిన్నె ముందు చల్లబడినదని వారే చెప్పుతారు. మరి నడిమి ఎలుగు జావ ఎందుకు చల్లారినది? ముందుగా వడ్డించి ఉండవచ్చును; ఆ గిన్నె వెడల్పయిన పళ్ళెం వంటిది కావచ్చును. ఈ ఊహలను నీటితోనే పరీక్షింపవచ్చును. విజ్ఞానశాస్త్రంలోని తొలి మెట్టు ఇదే: విన్నమాటను చేతితో సరిచూచుట. వేడినీరు మాత్రం పిల్లల చేరువకు తేరాదు.

మూడవది కుర్చీల కృత్యం. బంకమన్ను, అట్టముక్కలు, చెక్కదిమ్మెలు ఇచ్చి చిన్న ఎలుగుకు ఒక కుర్చీ చేయమనవలెను. చేసిన కుర్చీపై గులకరాయి ఉంచి పరీక్షింపవలెను. తొలి కుర్చీ తరచుగా కూలిపోతుంది. కాళ్ళు సన్నమైతే వంగుతాయి, దగ్గరైతే ఒరుగుతాయి. బిడ్డ కాళ్ళను లావు చేస్తాడు, ఎడము పెంచుతాడు, మళ్ళీ రాయి పెడతాడు. ఇట్లు కూలుట, నిలుపుట అన్న పనిలో గడచిన అరగంట ఉపన్యాసానికి అందని పాఠం చెప్పుతుంది. ముక్కలను నోట పెట్టుకొనే వయస్సువారికి గులకరాళ్ళు ఇవ్వరాదు. వారికి మన్ను చాలును.

నాలుగవది పడకల కృత్యం. నేలపై మూడు పొడవుల పడకలు గీసి, కాగితపు పట్టీతోనో పుల్లలతోనో కొలిపించవచ్చును. దూది, గోనెపట్ట, గడ్డి వేరువేరు సంచులలో నింపి కనులు మూసుకొని తాకించవచ్చును. మెత్తన, గరుకు, బిరుసు అన్న మాటలు అప్పుడు నిఘంటువునుండి గాక వ్రేళ్ళకొసల నుండి పుడతాయి.

చివరిది ఆడి చూపుట. మూడు ఎలుగులకు మూడు గొంతులు. ముద్రణలో పెద్ద ఎలుగు మాటలను పెద్ద అక్షరాలతో, చిన్న ఎలుగు మాటలను చిన్న అక్షరాలతో అచ్చువేయుట ఈ కథకు పూర్వంనుండి ఉన్న ఆచారం. చదువు రాని పిల్లవాడు కూడ ఆ పుటను చూచి ఎక్కడ గొంతు పెంచవలెనో పోల్చుకొంటాడు. అక్షరానికీ ధ్వనికీ గల సంబంధంలో అదే తొలి అడుగు. షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన ప్రయోగ పాఠశాలలో పసిపిల్లలకు చదువు చెప్పిన వివియన్ పేలీ, తన గ్రంథాలలో ఈ నాటకపద్ధతిని వివరించినది. బిడ్డ చెప్పిన కథను ఉపాధ్యాయిని అక్షరాలా వ్రాసుకొంటుంది. తోటిపిల్లలు దానిని ఆడతారు. వేషాలు లేవు, రంగస్థలం లేదు, కంఠస్థం అంతకంటె లేదు. కథ తనదైన కారణాన బిడ్డ ఏ మాటనూ మరువడు.

అయితే ఈ కృత్యాలన్నిటికీ ఒక ప్రమాదం పొంచి ఉన్నది. అది ప్రదర్శన. ఉపాధ్యాయిని రాత్రి మేల్కొని ముప్పది ఎలుగుబొమ్మలు ఒకే తీరున కత్తిరిస్తుంది. ఉదయం పిల్లలు చూపిన చోట బంక పూసి అంటిస్తారు. గోడపై ముప్పది ఎలుగులు వరుసతీరి నిలుస్తాయి. తలిదండ్రులు సంతోషిస్తారు. తనిఖీకి వచ్చినవారు మెచ్చుకొంటారు. కాని ఆ పనిలో బిడ్డ నిర్ణయించినది ఏమి? చేయి కదిలినది గాని ఆలోచన కదలలేదు. కూలిపోయిన మట్టికుర్చీ గోడకు అలంకారం కాదు. దానిని చేసిన బిడ్డకు మాత్రం అది విద్య. ఒక కృత్యం మంచిదా కాదా అని తేల్చుటకు ఉపాధ్యాయులు వేసికొనదగిన ప్రశ్న ఒక్కటే: ఇందులో బిడ్డ తప్పుచేయుటకు తావు ఉన్నదా? తప్పుకు తావు లేనిచోట తీర్పుకు తావు లేదు. గోల్డిలాక్స్ కూడ రెండుమారులు సరిపడనిదానిని చూచిన తరువాతనే సరిపడినదానిని కనుగొన్నది.

కథలు పసివారికి తగవన్న పక్షం కూడ లేకపోలేదు. 1907లో రోములోని శాన్ లొరెంజోలో తొలి శిశుగృహం తెరచిన మరియా మాంటిసోరి, మాయలు మంత్రాలతో నిండిన కథలకంటె నిజమైన ప్రపంచమే ఈ వయస్సుకు మేలని భావించినది. ఒక సెంటీమీటరు నుండి పది సెంటీమీటర్ల వరకు క్రమంగా పెరిగే పది ఘనాలతో ఆమె కూర్చిన గులాబిరంగు గోపురం నేటికీ వాడుకలో ఉన్నది. 1939లో ఆమె మద్రాసు చేరి అడయారులో శిక్షణ ప్రారంభించినప్పటినుండి ఆ ఘనాలు దక్షిణదేశపు ఉపాధ్యాయులకు పరిచితాలు. మరొకవంక, 1920లో భావనగరంలో బాలమందిరం స్థాపించిన గిజుభాయి బధేకా, మాంటిసోరి మార్గాన్ని ఆదరిస్తూనే కథకూ నాటకానికీ పెద్దపీట వేసినాడు. ఈ ఇద్దరి మాటలలో విరోధం కనిపించినా, మూడు గిన్నెల ముందు కూర్చున్న బిడ్డ దగ్గర అవి రాజీపడుతాయి. మాట్లాడే ఎలుగు కల్పితం. గిన్నె, నీరు, మన్ను నిజం. కల్పన బిడ్డను పిలుస్తుంది, వస్తువు వానిని నిలుపుతుంది.

మరి నీతి మాట? కథలో ఒక లోటు ఉన్నది. పిల్ల పారిపోయినది, చిన్న ఎలుగుకు జావ లేదు, కుర్చీ విరిగినది. సౌథీ కథలోనూ ముసలమ్మ కిటికీనుండి దూకి పోతుందేకాని చెడిన వస్తువును చక్కచేయదు. పెద్దలకు ఈ ముగింపు హాస్యం. చిన్న ఎలుగు వేషం వేసిన బిడ్డకు అది హాస్యం కాదు. వాని వస్తువు నిజంగానే పోయినది. అప్పుడు ఉపాధ్యాయిని ఉపదేశం చేయక, ‘‘ఇప్పుడేమి చేద్దాం?’’ అని అడిగితే చాలును. ఒకరు మన్ను తెస్తారు, ఒకరు కాళ్ళు చేస్తారు, గోల్డిలాక్స్ అయిన పిల్లయే కుర్చీని అందిస్తుంది. పరుల వస్తువును అడగనిదే ముట్టరాదన్న నీతిని చెప్పుట తేలిక. విరిచినదానిని తిరిగి నిలబెట్టుట చేతికి అలవాటు చేయుట కష్టం, కాని అదే నిలుస్తుంది.

భారతదేశంలో 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి పథకం ఆరంభమై అంగన్‌వాడీలు వెలసినవి. 2022లో వెలువడిన జాతీయ పాఠ్యప్రణాళిక మూడేండ్ల నుండి ఎనిమిదేండ్ల వరకు గల విద్యను ఒకే దశగా గుర్తించి, ఆటకూ కథకూ అందులో స్థానమిచ్చినది. తెలుగు ఉపాధ్యాయులకు ఎలుగుల కథనే వాడవలెనన్న నియమమేమీ లేదు. ఏడు చేపల కథ తెలియని తెలుగు బిడ్డ అరుదు. చేప ఎందుకు ఎండలేదో అడుగుతూ గడ్డిమేటు దగ్గరకు, ఆవు దగ్గరకు, చివరకు చీమ దగ్గరకు పోయే ఆ కథ కారణాల గొలుసు. ఆకులతో ఏడు చేపలు చేసి ఎండబెట్టించవచ్చును. కొన్ని ఎండలోను, ఒకటి నీడలోను ఉంచి సాయంకాలం తాకి చూడమనవచ్చును. గొలుసులోని బొమ్మలను కలిపివేసి మళ్ళీ క్రమంలో పేర్చమనవచ్చును. ఖర్చు లేదు, కొనవలసిన పరికరం లేదు. కావలసినదల్లా కథ తెలిసిన ఉపాధ్యాయిని, కొంచెం మన్ను, నాలుగు ఆకులు, బిడ్డ తనంతట తాను తేల్చుకొనేవరకు ఎదురుచూడగల ఓర్పు.