టమాటా వేళ్ళపై బుడిపెలు

టమాటా మొక్క మధ్యాహ్నము వాడి, సాయంకాలమునకు తేరుకొనుచున్నచో నీరు చాలలేదని అనుకొనుట సహజము. నీరు పెట్టినను అట్లే వాడుచున్నచో మొక్కను పెకలించి వేళ్ళను చూడవలెను. వానిపై ముడులు ముడులుగా బుడిపెలున్నచో అది వేరుబుడిపె నులిపురుగు పని.

పెసర వేళ్ళపై కూడ బుడిపెలుండును గదా! అవి నత్రజనిని కూర్చు సూక్ష్మజీవుల నివాసములు. గోటితో గీరిన ఊడివచ్చును. టమాటా బుడిపె ఊడదు. అచ్చట వేరే ఉబ్బియుండును. ఈ రెండు వేళ్ళను పక్కపక్కన నుంచి విద్యార్థులు స్వయముగా పరీక్షింపవచ్చును.

ఈ పురుగు చేయు బుడిపెలను 1855లో ఇంగ్లండులో బర్కిలీ దోస వేళ్ళపై గుర్తించెను. దక్షిణ భారతమున 1901లో బార్బర్ తేయాకు వేళ్ళపై చూచెను. పురుగు పిల్ల అర మిల్లీమీటరు పొడవైన నుండదు. వేరు కొనలో దూరి, తన తల చుట్టునున్న కణములను పెద్దవిగా మార్చి, వానినుండి ఆహారము పీల్చును. నీటినాళములు చెదరుటచే మొక్క వాడును. ఆడపురుగు కూజావలె ఉబ్బి, కదలక, జిగురు సంచిలో కొన్ని వందల గ్రుడ్లు పెట్టును. వెచ్చని నేలలో సుమారొక నెలలో మరియొక తరము సిద్ధమగును.

అడవి టమాటానుండి తెచ్చిన ఒక జన్యువుగల రకములు ఈ పురుగును తట్టుకొనును. కాని నేల వేడిమి 28 సెంటిగ్రేడు డిగ్రీలు దాటినచో ఆ శక్తి సన్నగిల్లును. కనుక తెలంగాణమువంటి వేడి ప్రదేశములలో విత్తనముపైననే ఆధారపడక, నేలను కూడ బాగుచేయవలెను.

అందుకు కావలసిన సరకు దూరమున లేదు. పూర్వపు వరంగల్లు జిల్లాలోని మేడారము పరిసరములలో వేప, కానుగ చెట్లు కలవు. వాని గింజలనుండి నూనె తీయగా మిగిలిన పిండి నేలలో మూడు విధముల పనిచేయును. అందలి చేదు పదార్థములు పురుగు పిల్లలను అడ్డగించును. పిండి కుళ్ళునపుడు వెలువడు అమ్మోనియా వానిని చంపును. పిండిని తిని పెరిగిన బూజులలో కొన్ని పురుగు గ్రుడ్లను కూడ తినివేయును. హవాయి దీవులలో అనాస ఆకులను నేలలో కలిపినపుడు నులిపురుగుల శత్రువులు విజృంభించుటను 1937లో లిన్‌ఫర్డ్ తెలిపెను.

అయితే వేరులో చొరబడిన పురుగును పిండి సులభముగా చేరజాలదు. అందుచే నాటుటకు రెండు మూడు వారముల ముందే ఎకరమునకు సుమారు 200 కిలోల వేపపిండిని తడినేలలో కలుపవలెను. కుళ్ళుచున్న పిండి లేతవేళ్ళకు హాని చేయకుండుటకు కూడ ఈ గడువు అవసరము. నారుమడిని మొదట బాగుచేయనిచో నారుతోపాటే పురుగు పొలము చేరును. వేసవి దుక్కి, బంతితో పంటమార్పిడి దీనికి తోడ్పడును.

ఇన్ని చేసినను పురుగు నిర్మూలము కాదు, తగ్గును. ఎంత తగ్గినదో తెలియుటకు పంట చివర పిండి వేసిన సాలులోని వేళ్ళను, వేయని సాలులోని వేళ్ళను పెకలించి బుడిపెలు లెక్కించిన చాలును.