చెంబట్టుకెళ్ళిన భాష

నలుగురిలో పలకడానికి ఇబ్బందనిపించే విషయాన్ని మరో మాట చాటున చెప్పడాన్ని భాషాశాస్త్రంలో సభ్యోక్తి అంటారు. దీపం ఆరిందనకుండా కొండెక్కిందనడం అలాంటిదే. ఆలంకారికులు అశ్లీలదోషాన్ని సిగ్గు, ఏవగింపు, అమంగళం అని మూడు విధాలుగా విభజించారు. మలమూత్ర విసర్జన ప్రస్తావన వీటిలో మొదటి రెంటినీ ఒకేసారి తెచ్చిపెడుతుంది గనుక, దాన్ని దాటవేయడానికి తెలుగువారు కల్పించుకున్న మాటలకు కొదవ లేకుండా పోయింది.

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో వినిపించే ఈ మాటల్లో చేసే పని ఎక్కడా కనబడదు. వెళ్ళే చోటో, చేతిలోని వస్తువో, వేలి సైగో మాత్రమే ఉంటుంది. ఇంటి వెనకటి ఖాళీ జాగా అయిన దొడ్డి, ఊరి వెలుపలి నేల అని అర్థమిచ్చే బహిర్భూమి, ఉత్తరాంధ్రలో వాగుకు పేరైన గెడ్డ, చెరువు గట్టు, ఇవన్నీ దిక్కు చూపించి ఊరుకుంటాయి. చెంబు చుట్టానికి కాళ్ళు కడుక్కోవడానికి ఇచ్చేదే అయినా, తెల్లవారుజామున దాన్ని పట్టుకొని ఊరి బయటికి నడిచే మనిషిని ‘ఎక్కడికి?’ అని అడిగే అమాయకుడు ఏ ఊళ్ళోనూ ఉండడు. బడిలో చిటికెన వేలెత్తి మాస్టారిని అనుమతి అడిగే సైగను గుర్తుచేసే ‘ఒంటేలు’, అంటే ఒంటి వేలు, చివరికి ఆ పనికే పేరైపోయి ‘ఒంటేలు పోసుకున్నాడు’ అనేదాకా వచ్చింది. వేలిని పోసుకోవడం ఎలా సాధ్యమని అడిగినవారు లేరు.

పండితుల ఇళ్ళలో దీనికే లఘుశంక, అల్పాచమానం అనే పేర్లున్నాయి. శంక అంటే సందేహం గనుక, దాన్ని తీర్చుకొని వచ్చిన పెద్దమనిషి ఏదో శాస్త్రచర్చ ముగించుకొని వచ్చినట్టే ఉంటుంది. వాడుక భాష కోసం జీవితమంతా వాదించిన గిడుగు రామమూర్తి 1863లో పుట్టిన పర్వతాలపేట ఈ ప్రాంతంలోదే. ఈ ఒక్క విషయంలో మాత్రం గ్రాంథికమూ వాడుకా ఒకే మొహమాటంతో నడిచాయి.

ఈ చమత్కారమంతా ప్రధానంగా మగవారిదని ఒప్పుకోవాలి. చీకటి పడేదాకా ఉగ్గబట్టుకోవలసి వచ్చిన ఆడవారికి ‘బయటికెళ్ళాలి’ అన్న పొడి మాటే మిగిలింది. ఆ ‘బయట’ అనే మాటే నెలసరికి కూడా చాటుమాటు కావడం వల్ల, ఏ బయటో సందర్భాన్ని బట్టి వినేవారే గ్రహించుకోవాలి. జపాన్‌లో కొండలెక్కే స్త్రీలు ఇదే పనికి పూలు కోయడానికి వెళుతున్నామంటారు.

సభ్యోక్తి ఎంత వాడితే అంత తొందరగా మురికవుతుంది. దొడ్డి అలా చెడిపోయాకే దానికి చాటును సూచించే మరుగు తోడై మరుగుదొడ్డి అయింది. కక్కసు అనే మాటకు మూలం డచ్చి భాషలో దాపరికమేమీ లేని మోటు మాటే అయినా, అర్థం తెలియని తెలుగు నోట అది మర్యాదగానే చెలామణి అయింది. ఫ్రెంచివారి చిన్న గుడ్డముక్క, అలంకరణబల్ల మీది వస్త్రమై, అలంకరణై, చివరికి టాయిలెట్‌గా మారింది. స్నానానికి పోనివారు కూడా ఇప్పుడు బాత్‌రూముకు వెళుతున్నారు.

2014 అక్టోబరు 2న మొదలైన స్వచ్ఛభారత్ మరుగుదొడ్డిని ఇంటి ఆవరణలోకి తెచ్చినా, ‘బయటికెళ్ళి వస్తాను’ అంటూ లోపలికి నడిచే పెద్దలున్నారు. బస్టాండుల్లో మాత్రం, బిందేశ్వర్ పాఠక్ 1970లో స్థాపించిన సంస్థ పేరే పనికొస్తోంది: సులువైనది అని అర్థమిచ్చే విశేషణాన్ని పట్టుకొని ‘సులభ్ ఎటు బాబూ?’ అని అడిగితే చాలు, దారి చూపిస్తారు.