చలిరోజుల్లో ఏడాదిన్నర పిల్లాడితో

మన ప్రాంతంలో చలికాలం చలితో మొదలు కాదు, వానతో మొదలవుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, వాటి వెంట బంగాళాఖాతం వాయుగుండాలు. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులైన రోజులు ఎవరమూ మరచిపోలేదు. ఆ వానలు తగ్గాక, డిసెంబరు చివర నుంచి అసలు చలి వస్తుంది. అదీ అన్ని చోట్లా ఒకే తీరు కాదు. తిరుపతి కొండ కింద ఉంది, సముద్రమట్టానికి నూటయాభై మీటర్లు దాటి కొంచెం ఎత్తు. మదనపల్లె, పలమనేరు వైపు ఏడు వందల మీటర్ల దగ్గర ఉంటాయి. హార్స్లీ హిల్స్ పన్నెండు వందల మీటర్లు దాటి. అందుకే తిరుపతిలో పలుచటి దుప్పటి చాలిన రాత్రి, మదనపల్లెలో మా అత్తగారింట్లో రెండు బొంతలు కావాలి.

ఈ రెండు చలికాలాలూ నడక నేర్చిన బిడ్డ ఉన్న ఇంటిని రెండు రకాలుగా ఇబ్బంది పెడతాయి. వాన నెలల్లో బట్టలు ఆరవు. గోడలకు చెమ్మ, మూలల్లో బూజు. మా కోడలు పిల్లాడి లంగోటాలు, చొక్కాలు వంటింట్లో తీగ కట్టి ఆరేసేది. వాటికి పోపు వాసన, పొగ వాసన. సరిగా ఆరని గుడ్డ తొడిగితే తొడల సందుల్లో ఒరుసుకుపోయి ఎర్రబడుతుంది. ఎండ పొడ కనిపించిన గంటలో ముందు బిడ్డ గుడ్డలు, తరువాతే పెద్దవాళ్లవి ఆరేయాలని మేము ఇంట్లో ఒక కట్టుబాటు పెట్టుకున్నాము. జనవరిలో దీనికి తిరగబాటు. గాలి పొడిగా ఉండి బుగ్గలు పగులుతాయి, పెదవులు చీలుతాయి. స్నానం కాగానే ఒళ్లు ఇంకా కాస్త తడిగా ఉన్నప్పుడే కొబ్బరినూనె పలుచగా రాస్తే సరిపోతుంది. ముక్కులో, చెవిలో మాత్రం నూనె చుక్క వేయకూడదు. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి జారి అక్కడ జబ్బు తెస్తుంది. మన ఇళ్లలో పాత అలవాటు కనుక ఇది గట్టిగా చెప్పవలసి వస్తోంది.

మా మనవడికి పోయిన చలికాలంలో ఏడాదిన్నర. వాడి రోజు తెల్లవారక ముందే మొదలయ్యేది. ఫజర్ నమాజుకు వాళ్ల దాదా వుజూ చేసుకునే కుళాయి చప్పుడుకే లేచి కూర్చునేవాడు. ఇంకెవరు పడుకోబెట్టినా పడుకోడు. జానమాజ్ పక్కన వచ్చి నిలబడి, సజ్దాలో ఆయన వీపు మీదికి ఎక్కేవాడు. నేల కడప బండలు, మంచు గడ్డలా ఉంటుంది. ఒట్టి కాళ్లతో తిరిగితే పడిశం పట్టుకుంటుందని అత్తగారి బెంగ. సాక్సు తొడిగితే నున్నటి బండ మీద జారి, ఒక్క వారంలో రెండుసార్లు నుదురు బొప్పి కట్టించుకున్నాడు. చివరికి ఇంట్లో ఉన్న పాత జంఖానా, రెండు చాపలు వాడు తిరిగే దారంతా పరిచాము. సాక్సు తీసేశాము. నిజానికి పడిశం నేల చలి వల్ల వచ్చేది కాదు, వైరస్ వల్ల వచ్చేది. చలికాలంలో తలుపులు మూసుకుని అందరం ఒకే గదిలో దగ్గరగా ఉంటాము, బడి నుంచి పెద్దపిల్లలు తెచ్చింది చిన్నవాడికి అంటుకుంటుంది. మేము ఉపాధ్యాయులం కనుక తరగతి గది నుంచి మోసుకొచ్చే తుమ్ములు కూడా మా ఖాతాలోనే వేసుకోవాలి. ఇంటికి రాగానే చేతులు సబ్బుతో కడుక్కున్నాకే బిడ్డను ఎత్తుకోవడం మేలు.

బట్టల విషయంలో మన తప్పు తక్కువ తొడగడం కాదు, ఎక్కువ తొడగడం. బనీను, చొక్కా, స్వెట్టర్, దానిపై ఇంకో స్వెట్టర్, మంకీ క్యాప్. లోపల బిడ్డ చెమట పట్టి, ఆ చెమట చల్లారి వణుకుతాడు. మనం ఎన్ని పొరలు వేసుకున్నామో బిడ్డకు దానికి ఒకటి ఎక్కువ చాలు. చేతులు, కాళ్లు చల్లగా తగలడం చూసి కంగారు పడనక్కరలేదు, మెడ వెనుక చేయి పెట్టి చూడాలి. అక్కడ వెచ్చగా, పొడిగా ఉంటే బిడ్డ బాగున్నట్టే. చెమటగా ఉంటే ఒక పొర తీయాలి. నిద్రలో టోపీ వద్దు, మొహం మీదికి రగ్గు రాకూడదు.

స్నానం దగ్గర జాగ్రత్త వేరు. మదనపల్లెలో ఇప్పటికీ పెరట్లో కాగు ఉంది, కట్టెలు పెట్టి నీళ్లు కాస్తాము. తిరుపతి ఇంట్లో బకెట్టులో పెట్టే కరెంటు రాడ్. రెండింటిలో రాడ్ మాకు ఎక్కువ భయం. ఏడాదిన్నర బిడ్డకు బకెట్టు అంచు సరిగ్గా చేతికి అందే ఎత్తు. కరెంటు, కాగిన నీళ్లు, రెండూ ఒకే చోట. బయటి నుంచి గడియ వేసిన బాత్రూంలో తప్ప రాడ్ పెట్టకూడదు. బిడ్డ స్నానానికి ముందు చన్నీళ్లు పోసి, తరువాతే వేడినీళ్లు కలపాలి, మోచేయి ముంచి చూడాలి. ఒకవేళ కాలితే కుళాయి ధార కింద ఇరవై నిమిషాలు ఉంచి, తడి తుడిచి, శుభ్రమైన పలుచటి గుడ్డ కప్పి ఆసుపత్రికి పోవాలి. ఇంకు, టూత్‌పేస్టు, పసుపు, ఐస్ ముక్కలు ఏవీ పెట్టకూడదు. మా చిన్నప్పుడు బడిలో కాలిన చేతికి ఇంకు పోసేవారు. అది మేమే చేశాము కూడా, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

ఇక పొగ మాట. తల స్నానం కాగానే బిడ్డకు సాంబ్రాణి పొగ పట్టడం ఈ ప్రాంతంలో హిందువుల ఇళ్లలోనూ మన ఇళ్లలోనూ ఉన్నదే. గురువారం సాయంత్రం లోబాన్ వేయని ఇల్లు మా వీధిలో లేదు. సువాసన మంచిదే, కాదనడం లేదు. కాని చలి అని తలుపులు బిగించిన గదిలో ఆ పొగ బిడ్డ ఊపిరితిత్తుల్లోకే పోతుంది. ఏడాదిన్నర బిడ్డ గాలిగొట్టాలు సన్ననివి, కాస్త వాపు వచ్చినా ఊపిరికి దారి ఇరుకవుతుంది. మస్కిటో కాయిల్, బీడీ, కట్టెపొయ్యి పొగ కూడా అంతే. అత్తగారితో మేము కుదుర్చుకున్న రాజీ ఏమంటే, లోబాన్ వరండాలో వేస్తాము, బిడ్డ లోపల ఉంటాడు, జుట్టు టవలుతో ఆర్పుతాము. ఆమెకు ఇది పూర్తిగా నచ్చలేదు.

కుంపటి దగ్గర మాత్రం రాజీ లేదు. రాత్రి గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని తలుపు వేసుకుని పడుకోవడం ప్రాణం మీదికి తెస్తుంది. సగం కాలిన బొగ్గు నుంచి కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌కు అది ఆక్సిజన్ కన్నా గట్టిగా అతుక్కుంటుంది. నిద్రలో ఉన్నవాళ్లకు తెలియకుండానే స్పృహ పోతుంది. చలి ఎక్కువైతే ఇంకో బొంత కప్పుకోవాలి, అంతే.

మేము ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం పడిశమే. ఈ వయసు పిల్లలకు ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది సార్లు జలుబు రావడం మామూలు. వారం పది రోజుల్లో అదే తగ్గుతుంది, దగ్గు ఇంకో వారం ఉండవచ్చు. దీనికి యాంటీబయాటిక్ పని చేయదు. ముక్కు దిబ్బడకు ఉప్పునీటి చుక్కలు, గోరువెచ్చటి నీళ్లు, ఏడాది దాటిన బిడ్డకైతే రాత్రి అర చెంచా తేనె చాలు. ఏడాదిలోపు బిడ్డకు తేనె నాకించకూడదు. కర్పూరం కలిపిన నూనె, ఘాటు బామ్ రెండేళ్లలోపు వాళ్లకు వద్దు. కర్పూరం లోపలికి పోతే ఫిట్స్ వస్తాయి.

దగ్గు సిరప్ సంగతి అందరూ పేపర్లలో చదివే ఉంటారు. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వారా జిల్లాలో డైఎథిలీన్ గ్లైకాల్ అనే విషం కలిసిన సిరప్ తాగి కిడ్నీలు దెబ్బతిని ఇరవై మందికి పైగా పిల్లలు చనిపోయారు. రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు ఇవ్వకూడదని, అయిదేళ్లలోపు వారికి కూడా మామూలుగా అవసరం లేదని ఆ అక్టోబరులో కేంద్ర ఆరోగ్య శాఖ చెప్పింది. కల్తీ లేని సిరప్ అయినా ఈ వయసులో మేలు కన్నా మత్తే ఎక్కువ చేస్తుంది.

ఇంత చదివీ, సంక్రాంతి సెలవుల్లో మదనపల్లెలో మా మనవడికి దగ్గు వచ్చిన మూడో రోజు ఏం జరిగిందంటే, మా అబ్బాయి మందుల షాపులో అడిగి ఒక సిరప్ తెచ్చాడు. డాక్టరు చీటీ లేదు, షాపులో అడగనూ లేదు. మేము పక్కింటికి పోయి వచ్చేలోగా ఒక మూత పోశారు. బిడ్డ మత్తుగా పడుకున్నాడు. ఇంటిల్లిపాదీ హాయిగా ఊపిరి పీల్చుకున్నారు, దగ్గు తగ్గిందని. సాయంత్రం పాలు వద్దన్నాడు. ఒళ్లు వెచ్చగా ఉంది. ఒడిలో పడుకోబెట్టుకుని చొక్కా పైకి ఎత్తి, చేతి గడియారం చూస్తూ పొట్ట లేచే లెక్క పెట్టాము. ఒక నిమిషంలో యాభై రెండు. నమ్మకం కుదరక మళ్లీ లెక్క పెట్టాము. యాభై నాలుగు.

ఈ లెక్క ప్రతి ఇంట్లో తెలిసి ఉండాలి. బిడ్డ ఏడవకుండా, పాలు తాగకుండా ప్రశాంతంగా ఉన్నప్పుడు, నిద్రలో అయితే మరీ మంచిది, పొట్ట, రొమ్ము కనిపించేలా గుడ్డ తీసి, నిండుగా ఒక నిమిషం లెక్కపెట్టాలి. అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేయకూడదు, చిన్నపిల్లల ఊపిరి ఒకే తీరుగా నడవదు. రెండు నెలల నుంచి ఏడాదిలోపు బిడ్డకు యాభై, ఆపైన ఉంటే, ఏడాది నుంచి అయిదేళ్ల లోపు బిడ్డకు నలభై, ఆపైన ఉంటే, అది వట్టి పడిశం కాదు, న్యుమోనియా కావచ్చు. ఆ రోజే డాక్టరుకు చూపించాలి. రెండు నెలలలోపు పసికందుకు అరవై. ఊపిరి పీల్చినప్పుడు పక్కటెముకల కింద గుంట పడటం, పాలు నీళ్లు తాగలేకపోవడం, తాగిందంతా కక్కడం, లేపినా లేవకపోవడం, ఫిట్స్, పెదవులు నీలం కావడం, వీటిలో ఒక్కటి కనిపించినా తెల్లవారేదాకా ఆగకూడదు. 108కి ఫోన్ చేయాలి.

మేము లెక్క చెబితే మా అత్తగారు వచ్చి పిల్లాడి పక్కల మీద చేయి పెట్టారు. ‘‘పస్లీ చల్ రహీ హై బేటీ, ఇంక కూర్చోకండి’’ అన్నారు. అదే మాటను తెలుగులో డొక్కలు ఎగరేస్తున్నాడు అంటారు. డాక్టర్లు పుస్తకాల్లో రాసుకున్న గుర్తు మన ముసలమ్మలకు రెండు భాషల్లోనూ తెలుసు. తెలిసి కూడా అప్పట్లో ఏమి చేసేవారో మా ఇంట్లోనే చూశాము. మా తమ్ముడు ఒకడు, ఇలాగే ఏడాది దాటిన వాడు, వాయల్పాడులో ఒక చలికాలం పోయాడు. డొక్కలు ఎగరేస్తున్నాడని పొట్ట మీద వాతలు వేయించారు. మూడో రోజు ఆసుపత్రి అనుకునేలోగా అయిపోయింది. మా అమ్మ ఆ వాతల మాట చివరి రోజుల దాకా చెప్పుకుని ఏడ్చేది. ఇప్పటికీ పల్లెల్లో అక్కడక్కడ వాతలు వేస్తున్నారు. కాలిన పుండు ఊపిరితిత్తులకు ఏ సాయమూ చేయదు, ఆసుపత్రికి పోవలసిన సమయాన్ని తినేస్తుంది. డొక్కలు ఎగరేసేసరికి జబ్బు ముదిరి ఉంటుంది. ఊపిరి లెక్క అయితే అంతకు ముందే చెబుతుంది.

మా మనవడిని ఆ రాత్రే తీసుకుపోయాము. ఆక్సిజన్ పెట్టారు, ఇంజెక్షన్లు ఇచ్చారు, అయిదు రోజులకు ఇంటికి పంపారు. సిరప్ బాటిల్ తీసుకురమ్మని డాక్టరమ్మ అడిగి చూశారు. మా అబ్బాయిని ఒక్క మాట అనలేదు, వాడే తల దించుకున్నాడు. మేమూ ఏమీ అనలేదు. రాత్రంతా దగ్గే బిడ్డ పక్కన కూర్చున్న తండ్రికి ఏదో ఒకటి చేయాలనిపిస్తుంది, చేతికి సిరప్ దొరికింది.

జబ్బు తరువాత వారం తిండి గొడవ. అరటిపండు, పెరుగు పడిశం చేస్తాయని అత్తగారు పెట్టనివ్వరు. వాటి వల్ల జలుబు రాదు. ఫ్రిజ్‌లోది కాకుండా ఇంటి వేడిలో ఉన్నది పెడితే చాలు. మేము వాదించక రాగిజావ, పప్పన్నంలో నెయ్యి, అంగన్‌వాడీ నుంచి వచ్చే గుడ్డు, బాలామృతం, వీటితో నెట్టుకొచ్చాము. కోలుకునే బిడ్డకు కొద్దికొద్దిగా ఎక్కువసార్లు పెట్టాలి, రోజూ తినేదానికన్నా ఒక పూట అదనంగా రెండు వారాలు. తల్లిపాలు తాగే బిడ్డకు అవి ఆపకూడదు.

టీకాల కార్డు కూడా ఆ వారమే తీసి చూశాము. న్యుమోనియా తెచ్చే ఒక ముఖ్యమైన క్రిమికి టీకా, పి.సి.వి. అంటారు, 2021 నుంచి దేశమంతటా సర్కారు టీకాల్లో ఉచితంగా ఇస్తున్నారు. నెలన్నరకు, మూడున్నర నెలలకు, తొమ్మిది నెలలకు. మా వాడికి తొమ్మిది నెలల డోసు పడలేదు. ఆ రోజు ఊరికి పోయి ఉన్నారట, తరువాత ఎవరికీ గుర్తు రాలేదు. తప్పిపోయిన డోసు తరువాత వేయించుకోవచ్చని ఏ.ఎన్.ఎం. చెప్పి తేదీ రాసి ఇచ్చారు. మీ ఇంటి కార్డులో తొమ్మిది నెలల వరుస, పదహారు నుంచి ఇరవై నాలుగు నెలల వరుస ఒకసారి చూడండి. ఖాళీ గడి ఉంటే ఆశా కార్యకర్తకు గాని, దగ్గరి ఆరోగ్య కేంద్రంలో గాని చూపించండి. టీకా రోజు బుధవారమో శనివారమో వాళ్లే చెబుతారు.